వంటింట్లో మృదంగం, హాల్లో వీణ

మా ఎదురింటి ఆంటీ పోయారు. మంగళవారం మధ్యాహ్నం నేను నోయిడాలో ఆఫీసు మీటింగులో ఉండగా సొసైటీ గ్రూపులో మెసేజ్ వచ్చింది. "బడే దుఃఖ్ కే సాథ్ సూచిత్ కియా జాతా హై" అని, తీవ్ర విచారంతో తెలియజేస్తున్నామంటూ హిందీలో మొదలుపెట్టి టవరు, ఫ్లాటు నంబరు, అంత్యక్రియల సమయం రాశారు. మనిషి పేరు లేదు. నాకు ఒళ్ళు మండింది. ఇందిరాపురంలో ఈ టవరు కట్టిన కొత్తలోనే వచ్చిన మనిషి, ఆమాత్రం పేరు రాయలేరా అనుకున్నాను. క్యాబులో ఇంటికొస్తూ ఆలోచిస్తే, నేను కూడా ఆవిణ్ణి ఎప్పుడూ పేరుతో తలుచుకోలేదని తట్టింది. ఆంటీ అంటే ఆంటీయే. ఇక్కడా అలాగే రాస్తాను.

ఆవిడది కాకినాడ. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వంలో చేరి, సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యారు. అంకుల్‌దీ ప్రభుత్వోద్యోగమే, వేరే శాఖ. రిటైరయ్యే నాటికే గ్లాకోమా వల్ల ఆయన చూపు తగ్గుతూ వచ్చి, తర్వాత నాలుగేళ్ళలో పూర్తిగా పోయింది. ఒక్కతే కూతురు, గురుగ్రామ్‌లో ఉద్యోగం. నాది కరీంనగర్. సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. ఎదురెదురు తలుపులు కాబట్టి పండగలకు పిండివంటలు, రోజూ లిఫ్టు దగ్గర పలకరింపులు, అంతవరకే ఉండేది మా స్నేహం.

మూడేళ్ళ కిందట ఒక ఆదివారం పొద్దున బెల్లు కొట్టారు. చేతిలో పెన్ను, మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు.

"అమ్మాయ్, నువ్వు కంప్యూటర్ల పనే కదా చేసేది? ఓసారి మా ఇంటికి రా. ఒక ప్రపోజల్ ఉంది."

ప్రపోజల్ అంటే నిజంగానే ప్రపోజల్. అట్ట ఫైలు, దానికి తెల్ల ట్యాగు, లోపల మొదటి కాగితం మీద తేదీ, విషయం, కింద పొట్టి సంతకం. పెళ్ళిరోజుకు కూతురు అయిదు స్పీకర్లు కొనిచ్చిందట, వై-ఫై మీద పనిచేసేవి. ఇల్లంతా ఒకేసారి పాట వినొచ్చని ఆ పిల్ల ముచ్చట. ఆంటీకి ఆ ముచ్చట లేదు. వాటితో ఇంకో పని చేయించాలని ఉంది.

నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి గొంతు తగ్గించి చెప్పారు. "మీ అంకుల్ మధ్యాహ్నం నుంచి మంచినీళ్ళు తాగడం మానేశారమ్మా. తాగితే బాత్రూమ్‌కి తీసుకెళ్ళమని నన్ను అడగాలి కదా. అది ఇష్టం లేదు ఆయనకి. నలభై మందిని శాసించిన మనిషి. ఆయన ఎవర్నీ అడక్కుండా ఈ ఇంట్లో తిరగాలి. నేనున్నా, లేకపోయినా."

ఆ చివరి ముక్క ఆవిడ ఎంత మామూలుగా అన్నారంటే నేను పట్టించుకోలేదు. వారమంతా ఆఫీసులో చేసే పనే ఆదివారం కూడా చెయ్యాలా అని లోలోపల విసుక్కున్నాను. కానీ నీళ్ళ మాట విన్నాక కాదనడానికి నోరు రాలేదు.

మొదటి నెల నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు, సెన్సర్లు అన్నిటినీ నడిపే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉచితంగా దొరుకుతుంది. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ పెట్టెలో దాన్ని ఎక్కించి, అయిదు స్పీకర్లనూ దానికి అప్పగించాను. గుమ్మాల దగ్గర కదలికను పసిగట్టే సెన్సర్లు పెట్టాను. అంకుల్ ఏ గదిలోకి వెళ్తే పాట ఆ గదిలోకి వస్తుంది, వదిలిన గదిలో ఆగిపోతుంది. ఎక్కడా చిన్న తడబాటు కూడా లేదు. ఇలాంటి సరుకు అమ్మేవాళ్ళందరూ గొప్పగా చెప్పుకునేది ఇదే. నేను కూడా కాలర్ ఎగరేసుకుని, చూడండి ఆంటీ అన్నాను.

ఆంటీ చేతులు కట్టుకుని నిలబడి చూశారు. అంకుల్ వంటింటికి అని బయల్దేరి, పడకగదిలోకి వెళ్ళి, మంచం కోడు మోకాలికి తగిలితే ఆగారు. పాట కూడా ఆయనతో పాటు పడకగదిలోకి వచ్చి హాయిగా మోగుతోంది.

"ఆయన తప్పు గదిలోకి పోయినా పాట వెంటే వచ్చింది కదమ్మా. వెంట వచ్చేది దారేం చెబుతుంది? పాట ముందు నడవాలి" అన్నారు ఆంటీ. ఫైలు తెరిచి నోట్ రాశారు. "పరిశీలించడమైనది. పని బాగున్నది. మనకు పనికిరాదు." కింద నన్ను కూడా సంతకం పెట్టమన్నారు.

నాకు చచ్చేంత కోపం వచ్చింది. రెండు ఆదివారాలు అటు పోలేదు. మూడో ఆదివారం ఆవిడే డబ్బాలో పెసరట్లు పట్టుకుని వచ్చారు. "కోపం తగ్గిందా? తగ్గకపోయినా ఫర్లేదు, ఆ కోపంతోనే రా. పనికీ కోపానికీ సంబంధం లేదు" అన్నారు. ముప్ఫయ్యారేళ్ళు సర్కారు ఫైళ్ళు కదిలించిన మనిషి, నా అలక ఆవిడకు ఒక లెక్కా. డబ్బా ఖాళీ చేసి వెంట వెళ్ళాను.

ఈసారి పథకం ఆవిడదే. ఒక్కో గదికి ఒక్కో వాయిద్యం. పడకగదిలో తంబురా, హాల్లో వీణ, వంటింట్లో మృదంగం, బాల్కనీలో వేణువు. బాత్రూమ్ తలుపు పక్కన ఘటం. "కుండ కదా, నీళ్ళు గుర్తొస్తాయి" అన్నారు. ఆయన మంచం మీద నుంచో సోఫా మీద నుంచో కాలు కింద పెట్టగానే, కింద దాచిన సెన్సర్ చూసి సాఫ్ట్‌వేర్‌కు చెప్పాలి. వెంటనే ఆయన ఉన్న గది తప్ప మిగతా నాలుగూ తమ తమ వాయిద్యాలతో మెల్లగా పలకాలి. ఆయన తనకు కావలసిన శబ్దం వైపు నడవాలి. వెళ్ళి కూర్చోగానే అన్నీ ఆగిపోవాలి.

వినడానికి ఎంత తేలికగా ఉందో చెయ్యడం అంత కష్టమైంది. ఆ స్పీకర్లు కలిసి పాడటానికి పుట్టినవి, విడివిడిగా పాడమంటే మొరాయించేవి. అయినా రెండు నెలల్లో ఒక దారికి తెచ్చాం. మృదంగం వైపు వెళ్ళి, అంకుల్ తనంతట తాను ఫిల్టర్ దగ్గర గ్లాసు నింపుకుని నిలబడే తాగిన రోజు ఆంటీ చీర కొంగుతో కళ్ళజోడు తుడుచుకుని, ఫైల్లో తేదీ వేశారు. నేను మాత్రం ఇంటికొచ్చి ఏడ్చాను.

ఏనుగు వెళ్ళి తోక చిక్కినట్టు, తర్వాత జనరేటర్ దగ్గర ఆగింది మా పని. మా సొసైటీలో కరెంటు పోతే పది సెకన్లలో జనరేటర్ అందుకుంటుంది, ఎవరూ దాన్ని లెక్కచెయ్యరు. కానీ ఆ పది సెకన్లకు స్పీకర్లన్నీ చచ్చి మళ్ళీ బతికేవి. బతకగానే పాత బుద్ధి కొద్దీ ఒక జట్టుగా కలిసిపోయి అయిదూ ఒకే పాట అందుకునేవి. ఒక రోజు అంకుల్ నడవాలో ఉండగా అదే జరిగింది. నాలుగు దిక్కులా వీణ. ఆయన హాలు అనుకుని వంటింటి తలుపు అంచుకు కొట్టుకున్నారు. నుదురు నిమ్మకాయంత వాచింది.

"ఇల్లంతా హాలే అయిపోయిందే" అని ఆయన నవ్వబోయారు కానీ, మధ్యాహ్నం నుంచి మళ్ళీ మంచినీళ్ళు ముట్టుకోలేదు.

కూతురు గురుగ్రామ్ నుంచి పరుగెత్తుకొచ్చింది. "మమ్మా, బస్ కరో నా, ఇక చాలు. ఒక అటెండెంట్‌ని పెట్టుకుందాం" అంది.

"అటెండెంట్ వస్తే మీ నాన్న నీళ్ళు బొత్తిగా మానేస్తారు. నువ్వు కంగారుపడకు, పని నడుస్తోంది" అన్నారు ఆంటీ.

ఆ తర్వాత నాలుగు ఆదివారాలు మేం చేసిన పని చూసినవాళ్ళు మాకు పిచ్చి అనుకుని ఉంటారు. ఆంటీ స్టూలు వేసుకుని మెయిన్ స్విచ్ దగ్గర నిలబడేవారు, చేతిలో గడియారం. నేను భోజనాల బల్ల దగ్గర ల్యాప్‌టాప్‌తో. అంకుల్ ఆంటీ ఆజ్ఞ మేరకు తలకు టర్కీ టవలు మందంగా చుట్టుకుని నడవాలో నడిచేవారు. ఆంటీ చెప్పాపెట్టకుండా స్విచ్ దించేవారు, పది లెక్కపెట్టి ఎత్తేవారు. మొదటి ఆదివారం ఇరవైసార్లు దించితే పదమూడుసార్లు తప్పింది. నేను తల పట్టుకుంటే, "ఏడుసార్లు కుదిరిందిగా, ఎందుకు కుదిరిందో చూడు" అన్నారు.

చూస్తే దొంగ బాల్కనీలో దొరికాడు. ఆ స్పీకరు అందరికంటే ఆలస్యంగా లేచి, లేస్తూనే మిగతావాటిని జట్టులోకి లాగుతోంది. అప్పుడు ఆంటీ ఒక నియమం పెట్టారు. లేచిన ప్రతి స్పీకరునూ ముందు జట్టు నుంచి విడదియ్యాలి, తర్వాత దాని వాయిద్యం దానికివ్వాలి. అయిదూ లేచి సరిగ్గా ఉన్నాయని సాఫ్ట్‌వేర్‌కు రూఢి అయ్యేదాకా ఇల్లు నోరెత్తకూడదు.

"తెలియనప్పుడు ఊరుకోవాలమ్మాయ్. తప్పు దారి చెప్పడం కంటే అది నయం. మా సెక్షన్లో కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజు నేను చెప్పే మాట ఇదే" అన్నారు. ఆ వెంటనే అంకుల్ వైపు తిరిగి పాఠంలా వల్లె వేయించారు. "ఏవండీ, కాలు కింద పెట్టాక శబ్దం రాలేదనుకోండి, అయిదూ ఇంకా లేవలేదని అర్థం. ఉన్నచోటే ఉండండి. కదలొద్దు."

"చిత్తం" అన్నారు అంకుల్, నెత్తిన టవలుతో.

నాలుగో ఆదివారం ఇరవైకి ఇరవై కుదిరింది. ఆంటీ స్టూలు దిగి, మెట్లెక్కి వచ్చినంత ఆయాసపడుతూ కూర్చున్నారు. నాకు అప్పుడైనా అనుమానం రావలసింది. రాలేదు. నేను మంచి ఊపు మీద ఉన్నాను. ఇంకో ఆలోచన చెప్పాను.

"ఆంటీ, వాయిద్యాలెందుకు, మీ గొంతే రికార్డు చేద్దాం. ఇటు వంటిల్లండీ, ఇటు బాల్కనీ అండీ అని."

"ఒద్దు" అన్నారు, ఆలోచించనైనా ఆలోచించకుండా. అంకుల్ బాల్కనీలో ఉన్నారో లేదో చూసుకుని మెల్లగా చెప్పారు. "నా గొంతు వింటే ఆయన జవాబు చెబుతారమ్మా. చెప్పి, నేను మళ్ళీ మాట్లాడతానని నిలబడతారు. నేను మాట్లాడను. ఇక అక్కడే ఉండిపోతారు."

అప్పుడు అర్థమైంది నాకు, ఈ ఫైలంతా దేనికోసమో. తన గుండె కవాటం పాడైన సంగతి ఆ రోజే చెప్పారు. ఆపరేషన్ తట్టుకునే స్థితి దాటిపోయిందని డాక్టరు ఏడాది ముందే అన్నాడట. "మీ అంకుల్‌కి తెలుసు. మా అమ్మాయికీ తెలుసు. నీకు చెబితే పని పక్కన పెట్టి ఏడుస్తావని చెప్పలేదు" అన్నారు. నిజమే, ఏడ్చాను. ఆవిడ నన్ను కాసేపు ఏడవనిచ్చి, బాల్కనీ సెన్సర్ బ్యాటరీ మార్చాలని గుర్తు చేశారు.

ఆ తర్వాత రెండేళ్ళు ఆ ఇల్లు అలా నడిచింది. నేను ఊరెళ్ళినప్పుడు ఇబ్బంది కాకూడదని సాఫ్ట్‌వేర్‌లో నియమాలు మార్చడం కూడా ఆవిడ నేర్చుకున్నారు. అర్థం కాలేదు అని ఒక్కసారి కూడా అనలేదు. "మళ్ళీ చెప్పు, ఈసారి నీకు కూడా అర్థమయ్యేలా చెప్పు" అనేవారు. మా ఆఫీసులో కొత్తగా చేరే పిల్లలకు నేను ఇప్పుడు అదే మాట అంటున్నాను.

ఆంటీ నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి, అక్కడే పోయారు. ఆ మంగళవారం నేను ఇంటికి చేరేసరికి ఆవిణ్ణి తెచ్చే అంబులెన్సు ఇంకా రాలేదు. జనం వచ్చిపోతుంటే అంకుల్ లేచినప్పుడల్లా వీణ, మృదంగం. నాకు ఎబ్బెట్టుగా అనిపించింది. చావు జరిగిన ఇంట్లో పాటలేమిటి, చూసేవాళ్ళు ఏమనుకుంటారు. ఫోన్ తీసి అన్నీ ఆపేశాను. ఎవరూ చెప్పలేదు. నేనే ఆపాను.

కాకినాడ నుంచి అంకుల్ వాళ్ళ అక్కగారు వచ్చారు, ఎనభై దాటిన మనిషి. హాల్లో ఆంటీని పడుకోబెట్టిన చోట దీపం పెట్టి, పక్కనే చాప వేసుకుని కూర్చున్నారు. రెండు రోజులు గడిచాయి. అంకుల్ మంచం మీద నుంచి కదల్లేదు. ఎవరో ఒకరు చెయ్యి పట్టి బాత్రూమ్‌కి తీసుకెళ్ళేవారు, తెచ్చి కూర్చోబెట్టేవారు. దుఃఖంలో ఉన్నారు, ఉండరా మరి అనుకున్నాం. పక్కన పెట్టిన నీళ్ళ గ్లాసు పెట్టినట్టే ఉండేది.

"పాపాను నాతో తీసుకెళ్ళిపోతా దీదీ. యహాఁ అకేలే నహీఁ రహ్ పాయేంగే, నాన్న ఒక్కరే ఇక్కడ ఉండలేరు" అంది కూతురు నాతో, ముఖం కడుక్కుని వస్తూ. ఆంటీ మూడేళ్ళ పని రెండు రోజుల్లో కూలిపోయిందని అనిపించింది.

గురువారం సాయంత్రం టీ ఇవ్వడానికి పడకగదిలోకి వెళ్ళాను. అంకుల్ మంచం అంచున, రెండు కాళ్ళూ నేల మీద పెట్టి నిటారుగా కూర్చుని ఉన్నారు. నా అడుగుల చప్పుడు గుర్తుపట్టారు.

"అమ్మా, నువ్వేనా? అయిదూ ఇంకా లేవలేదా?"

శబ్దం రాకపోతే ఉన్నచోటే ఉండండి, కదలొద్దు. ఆవిడ చెప్పిన మాట అది. ఆయన పాటిస్తున్నారు. కరెంటు పోతే ఏం చెయ్యాలో, వై-ఫై పోతే ఏం చెయ్యాలో అన్నీ ఆలోచించాం. నేను చేతులారా ఆపేస్తే ఏం చెయ్యాలో ఆలోచించలేదు. ఆయన్ను రెండు రోజులు ఆ మంచానికి కట్టేసింది నేను.

హాల్లోకి వచ్చి పెద్దావిడ ముందు కూర్చున్నాను. స్పీకర్లు పెడతానని చెప్పాను.

"మైల ఇంట్లో వాయిద్యాలేమిటమ్మా? పదో రోజైనా కాలేదు" అన్నారావిడ. కోపంగా కాదు, ఆశ్చర్యంగానే.

"పెద్దమ్మగారూ, అవి వినడానికి కాదండి. అంకుల్ నడవడానికి. అవి లేకపోతే ఆయనకు ఇల్లు ఎటుందో తెలియదు. మీ మరదలుగారు పెట్టిన ఏర్పాటే ఇది. నేను తెలివితక్కువగా ఆపాను."

"లోకం ఏమంటుందే?"

"నన్ను అననివ్వండి. నేను పెడుతున్నాను."

పెద్దవాళ్ళతో అలా మాట్లాడటం నాకు అలవాటు లేదు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. కూతురు వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. "అత్తా, ప్లీజ్, చల్నే దీజియే, ఉండనివ్వండి. అమ్మ చేసింది" అంది. పెద్దావిడ దీపం వైపు తిరిగి వత్తి సర్దుకున్నారు. నేను ఫోన్ తీసి సాఫ్ట్‌వేర్‌ను లేపాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. బాల్కనీది ఎప్పటిలాగే ఆఖరున లేచింది.

బాత్రూమ్ పక్కన ఘటం చిన్నగా పలికింది. లోపల్నుంచి మంచం కిర్రుమంది. అంకుల్ గుమ్మంలోకి వచ్చి ఒక్క క్షణం ఆగి, తల కొద్దిగా వంచి విన్నారు. కూతురు చెయ్యి చాచబోయి తనే వెనక్కి తీసుకుంది. ఆయన నడవాలో మా అందరి ముందు నుంచి, ఎవర్నీ పట్టుకోకుండా నడిచి వెళ్ళి బాత్రూమ్ తలుపు వేసుకున్నారు. బయటికొచ్చి మృదంగం వైపు వెళ్ళి ఒక గ్లాసు నీళ్ళు తాగారు. రెండో గ్లాసు కూడా తాగారు. వంటింట్లో ఆ మృదంగం పక్కనే నిలబడి అప్పుడు ఏడ్చారు, రెండు రోజుల్లో మొదటిసారి. ఆయన్ను తీసుకెళ్ళే మాట కూతురు మళ్ళీ ఎత్తలేదు.

నిన్న పొద్దున ఆఫీసుకు వెళ్ళే ముందు ఓసారి చూసి పోదామని వెళ్ళాను. కూతురు ఫోన్‌లో మాట్లాడుతోంది. పెద్దావిడ చాప మీద గోడకు ఆనుకుని జపం చేసుకుంటున్నారు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఉన్నట్టుండి హాల్లో వీణ మొదలైంది. పెద్దావిడ కళ్ళు తెరిచారు. "లేచాడు" అన్నారు. కాళ్ళు దగ్గరగా ముడుచుకుని, చాప అంచు మడిచి దారి చేశారు. అంకుల్ దీపంలో తనే నూనె పోసేలా సీసా మూత తీసి, దీపానికి ఇవతల, ఆయన చెయ్యి చాపితే అందేలా జరిపారు. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అడిగారు.

"హాల్లోది కాస్త పెంచు తల్లీ. వాడు ఇటే వస్తున్నాడు."